చత్వారానికీ డబ్లిన్‌కీ చుట్టరికం

మన భాషలో కళ్ళకి సంబంధించిన మాటల్లో నాకు బాగా నచ్చేది చత్వారం. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. నలభై దాటిన మనిషి పుస్తకాన్ని చేయి చాపినంత దూరంలో పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడంటే ఆ అవస్థకి మనవాళ్ళు ఆ వయసు పేరే పెట్టేశారు. మరాఠీవాళ్ళు చదువుకునే కళ్ళజోడుని చాళిశీ అంటారు, కన్నడంవాళ్ళు చాళీసు అంటారు. అక్కడా నలభయ్యే. ఇంగ్లీషులో ప్రెస్‌బయోపియా అనే మాట గ్రీకు నుంచి వచ్చింది, ముసలి చూపు అని దానర్థం. నలభై ఏళ్ళవాణ్ణి పట్టుకుని ముసలి అనడం కంటే నలభై అనడమే మర్యాద కదా!

నేను కంటి డాక్టరుని కాను. ఇరవై ఏళ్ళుగా డబ్లిన్‌లో మందుల షాపులో పనిచేస్తున్న మనిషిని. మందు డబ్బాల మీద సన్నటి అక్షరాలు చదవడమే నా ఉద్యోగం కాబట్టి చత్వారం నన్ను కాస్త ముందే పలకరించింది. అసలు దగ్గరి వస్తువునీ దూరపు వస్తువునీ ఒకే కన్ను ఎలా చూడగలుగుతోంది అనే ప్రశ్న వెంట పడ్డాక, ఆ ప్రశ్న చరిత్రలో సగం నేను రోజూ బస్సులో దాటే వీధుల్లోనే జరిగిందని తెలిసింది. మిగతా సగంలో మన దేశపు పిల్లలూ, అస్సాం కూలీలూ, చివరికి కోడిపిల్లలూ ఉన్నారు.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఒక కన్ను మూసుకుని, జానెడు దూరంలో చూపుడువేలు పెట్టి, వేలి వెనక కిటికీ చువ్వల్ని చూడండి. చువ్వలు స్పష్టంగా ఉన్నప్పుడు వేలు అలుక్కుపోతుంది. వేలిని చూస్తే చువ్వలు అలుక్కుపోతాయి. రెండూ ఒకేసారి తేటగా కనిపించవు. అంటే కంట్లో ఏదో కదులుతోంది. ఏమిటది? ఈ ప్రశ్నకి జవాబు దొరకడానికి రెండున్నర శతాబ్దాలు పట్టింది. కెప్లర్ 1604లో కంటి వెనక రెటీనా మీద బొమ్మ పడుతుందని చెప్పాడు. షైనర్ అనే జెస్యూట్ ఫాదరీ 1619లో అట్టముక్కకి కంటిపాప కన్నా తక్కువ ఎడంలో రెండు సూది రంధ్రాలు పొడిచి, వాటిలోంచి సూదిని చూస్తే చూపు సరిగ్గా కుదరనప్పుడు ఒక సూది రెండుగా కనిపిస్తుందని చూపించాడు. కన్ను సర్దుకుంటుందని దాంతో రుజువైంది. ఎలా సర్దుకుంటుందన్నది మాత్రం తేలలేదు.

డబ్లిన్ ఇక్కడ కథలోకి వస్తుంది. విలియం మాలినో 1656లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. ఐర్లండ్ చరిత్ర చదివేవాళ్ళకి ఆయన 1698లో రాసిన రాజకీయ గ్రంథం వల్ల తెలుసు. ఇంగ్లండ్ పార్లమెంటు చేసే చట్టాలు ఐర్లండ్‌ని ఎందుకు కట్టిపడేయాలి అని అడిగిన పుస్తకం అది. కానీ ఆయన మనసు కటకాల మీద ఉండేది. 1683లో డబ్లిన్ ఫిలసాఫికల్ సొసైటీ పెట్టించాడు. 1692లో డయాప్ట్రికా నోవా అనే గ్రంథం అచ్చువేశాడు. కటకాల శాస్త్రం మీద ఇంగ్లీషులో వచ్చిన మొదటి సమగ్ర గ్రంథం అదే.

ఆయన ఇంట్లో సంగతి మాత్రం విషాదం. 1678లో లూసీ డామ్‌విల్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. కాపురానికి వచ్చిన కొద్ది నెలలకే ఆవిడకి జబ్బు చేసి చూపు పోయింది. వైద్యాలేవీ పనిచేయలేదు. చూపు లేకుండా, నొప్పులతో పదమూడేళ్ళు బతికి 1691లో కన్నుమూసింది. పగలంతా కటకాల లెక్కలు వేసి, ఏ కటకమూ పనికిరాని మనిషి పక్కన సాయంత్రం కూచోవడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆవిడ బతికుండగానే, 1688 జులైలో, ఆయన తత్వవేత్త జాన్ లాక్‌కి ఒక ప్రశ్న రాసి పంపాడు. పుట్టుగుడ్డివాడు ఒకడు గోళాన్నీ, ఘనాన్నీ తడిమి ఇది గుండ్రటిది, ఇది మూలలున్నది అని గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. అతనికి హఠాత్తుగా చూపొస్తే, తాకకుండా కేవలం చూసి ఏది ఏదో చెప్పగలడా? చెప్పలేడనే మాలినో అభిప్రాయం. లాక్ కూడా ఒప్పుకుని, 1694లో తన గ్రంథం రెండో కూర్పులో ఈ ప్రశ్నని చేర్చాడు. ఈ ప్రశ్నకీ లూసీకీ సంబంధం ఉందని మాలినో ఎక్కడా చెప్పుకోలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని నేననుకోను.

ఉత్తరాల్లోనే స్నేహం పెంచుకున్న ఈ ఇద్దరూ 1698 వేసవిలో ఇంగ్లండ్‌లో మొదటిసారి ముఖాముఖీ కలుసుకున్నారు. మాలినో తిరిగి డబ్లిన్ వచ్చి ఆ అక్టోబరులోనే చనిపోయాడు. హై స్ట్రీట్‌లో సెయింట్ ఆడోయెన్స్ చర్చి ఉంది చూశారూ, అక్కడే ఆయన్ని సమాధి చేశారు.

మాలినో తన పుస్తకంలో ఒక ముక్క అన్నాడు. దూరం అనేది కంటికి కనిపించదట. ఎందుకంటే దూరం కంటి ఎదురుగా నిట్టనిలువున పొడుచుకొచ్చే గీత లాంటిది, రెటీనా మీద దాని కొస ఒక్కటే ఒక చుక్కగా పడుతుంది. ఆ గీత జానెడుదైనా ఆమడదైనా చుక్క ఒకటే. మరి ఇది దగ్గర, అది దూరం అని మనకెలా తెలుస్తోంది? ఇక్కడినుంచి అందుకున్నవాడు జార్జ్ బార్‌క్లీ.

బార్‌క్లీ 1685లో కిల్‌కెన్నీ జిల్లాలో పుట్టాడు. పదిహేనేళ్ళకే ట్రినిటీ కాలేజీలో చేరాడు. మాలినో కొడుకు శామ్యూల్ అక్కడ అతని స్నేహితుడు, తన తొలి పుస్తకాల్లో ఒక భాగాన్ని అతనికి అంకితం కూడా ఇచ్చాడు. 1709లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, చూపు గురించి ఒక కొత్త సిద్ధాంతం అని డబ్లిన్‌లో పుస్తకం అచ్చువేశాడు. అంతకుముందు పండితులు, ముఖ్యంగా దెకార్త్, మనం రెండు కళ్ళ చూపులూ కలిసే కోణాన్ని బట్టి దూరం లెక్కగడతామని చెప్పేవారు. బార్‌క్లీ ఒప్పుకోలేదు. కోణాలూ గీతలూ పండితుల కాగితాల మీద ఉంటాయి, చంటిపిల్లకి ఏ జామెట్రీ వచ్చని చెయ్యి చాపి పాలసీసా అందుకుంటోంది? మనకి తెలిసేవి వేరు. దగ్గరి వస్తువు కోసం కళ్ళు లోపలికి తిరిగినప్పుడు ఒక కదలిక తెలుస్తుంది. వస్తువు మరీ దగ్గరకొస్తే మసకబారుతుంది. ఆ మసకని ఆపడానికి కన్ను బిగుసుకుంటుంది, ఆ బిగువు తెలుస్తుంది. ఈ అనుభూతుల్నీ చేత్తో తాకిన అనుభవాన్నీ పదేపదే జతకూర్చుకుని దూరాన్ని నేర్చుకుంటాం. భాష నేర్చుకున్నట్టే చూడటమూ నేర్చుకుంటాం అని ఆయన వాదన. వేరే దేశం వచ్చి కొత్త భాషకి చెవి అలవాటు చేసుకున్న మనలాంటివాళ్ళకి ఈ పోలిక చప్పున అందుతుంది.

అన్నట్టు కాలిఫోర్నియాలో మన పిల్లలు సీటు కోసం తపస్సు చేసే బర్క్లీ ఊరికి ఈయన పేరే పెట్టారు. ట్రినిటీలో ఒక లైబ్రరీకి కూడా ఆయన పేరుండేది. అమెరికాలో రోడ్ ఐలండ్‌లో ఉన్న రోజుల్లో ఆయన బానిసల్ని కొని పని చేయించుకున్నాడు. ఆ కారణంగా 2023లో కాలేజీ ఆ పేరు తీసేసింది. తర్వాత అక్కడ కవయిత్రి ఈవన్ బోలండ్ పేరు పెట్టారు. చూపు సిద్ధాంతం బాగుంది కదా అని మనిషిని మొత్తంగా నెత్తికెత్తుకోనక్కరలేదు, ఆ పని చేశాడని సిద్ధాంతాన్ని వదులుకోనూ అక్కరలేదు.

మాలినో ప్రశ్నకి జవాబు మన దేశంలో దొరికింది. పుట్టుకతోనే శుక్లాలతో చూపులేక, డబ్బులేక వైద్యం అందని పిల్లల కోసం పవన్ సిన్హా అనే శాస్త్రజ్ఞుడు ప్రాజెక్ట్ ప్రకాశ్ మొదలుపెట్టారు. ఢిల్లీలో ఆపరేషన్లు చేయించి, ఎనిమిది నుంచి పదిహేడేళ్ళ మధ్య వయసున్న ఐదుగురు పిల్లల్ని కట్లు విప్పిన వెంటనే పరీక్షించారు. చేత్తో తడిమిన బొమ్మ ఏదో కంటితో చూసి వాళ్ళు గుర్తుపట్టలేకపోయారు. మాలినో ఊహ నిజమే. కానీ కొద్ది రోజుల్లోనే గుర్తుపట్టడం మొదలుపెట్టారు. 2011లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మూడు వందల ఏళ్ళు పండితులు వాదించుకున్న ప్రశ్నకి ఊరూ పేరూ తెలియని బీదపిల్లలు జవాబు చెప్పారు, పైగా వాళ్ళకి చూపు కూడా వచ్చింది. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇది.

బార్‌క్లీ చెప్పిన ఆ బిగువు కంట్లో ఎక్కడ ఉందో తేల్చే పని వైద్యులకి మిగిలింది. లండన్‌లో థామస్ యంగ్ 1801లో ప్రచురించిన ప్రయోగాలు చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. తన కంటి పొడవు మారుతుందేమోనని గుడ్డుకి ముందూ వెనకా లోహపు కొలబద్దలు బిగించుకున్నాడు. కంటి ముందు పొర, అంటే కార్నియా, వంపు మారుతుందేమోనని నీళ్ళు నింపిన గొట్టాన్ని కంటికి ఆనించుకుని చూశాడు. నీళ్ళలో కార్నియా శక్తి దాదాపు పోతుంది. అయినా కన్ను దగ్గరికీ దూరానికీ సర్దుకుంటూనే ఉంది. శుక్లం తీయించుకుని కటకం లేనివాళ్ళు మాత్రం సర్దుకోలేకపోయారు. కాబట్టి ఆ పని కంటిలోని కటకానిదే అన్నాడు. ఆ మాట నమ్మనివాళ్ళు ఇంకో యాభై ఏళ్ళు నమ్మకుండానే ఉన్నారు.

ఆ మధ్యకాలంలో డబ్లిన్‌లో ఫిలిప్ క్రాంప్టన్ అనే సర్జను పక్షుల కళ్ళు కోసి చూశాడు. 1777లో ఇక్కడ పుట్టినవాడు. మీత్ ఆస్పత్రిలో సర్జను, ఐర్లండ్‌లోని సైన్యానికి సర్జన్ జనరల్. మన పిల్లల్ని ఏడాదికోసారైనా తీసుకెళ్ళే ఫీనిక్స్ పార్కు జూ 1831లో తెరవడం వెనక ఉన్న పెద్దమనుషుల్లో ఒకడు. ఆయన 1813లో పక్షుల కంట్లో కార్నియా అంచుకి అతుక్కుని ఉన్న ఒక సన్నటి కండరాన్ని వర్ణించాడు. రకరకాల దూరాలకి పక్షి కన్ను సర్దుకునేది దీనితోనే అన్నాడు. దాన్ని ఇవాళ్టికీ క్రాంప్టన్ కండరం అనే పిలుస్తారు. మనిషి కంట్లో ఈ పని చేసే సిలియరీ కండరం సంగతి 1840లలో గానీ బయటపడలేదు.

తర్వాత కాలంలో తెలిసింది ఏమిటంటే, సృష్టిలో ఈ పనికి ఒకటే పద్ధతి లేదు. చేప తన కటకాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతుంది, దూరదర్శినిలో గొట్టం జరిపినట్టు. చాలా పక్షులు కార్నియానీ కటకాన్నీ రెండిటినీ వంచుతాయి. మనం కటకం ఒక్కదాన్నే మారుస్తాం. గద్ద ఆకాశం నుంచి కోడిపిల్ల మీదికి దూకే ఆ రెండు మూడు క్షణాల్లో దాని కన్ను ఎంత వేగంగా సర్దుకోవాలో ఆలోచించండి!

క్రాంప్టన్‌కి 1862లో కాలేజ్ స్ట్రీట్‌లో ఒక స్మారక ఫౌంటెన్ కట్టారు. ఆకులు పొరలుపొరలుగా విచ్చుకున్నట్టు ఉండేసరికి ఊరి జనం దానికి కూరగాయల పేర్లు పెట్టి వేళాకోళం చేసేవారట. జాయిస్ యులిసెస్ నవలలో కూడా దాని ప్రస్తావన ఉంది. 1959లో తీసేశారు. ఆ దారిన వెళ్ళేవాళ్ళకి ఇప్పుడు ఆ ఆనవాలు కూడా దొరకదు. ఆస్కార్ వైల్డ్ విగ్రహం దగ్గర మనవాళ్ళు ఫోటోలు తీసుకుంటూ ఉంటారు కదా, ఆయన తండ్రి విలియం వైల్డ్ కూడా కంటి వైద్యుడే. 1844లో డబ్లిన్‌లో బీదవాళ్ళ కోసం సెయింట్ మార్క్స్ కంటి, చెవి ఆస్పత్రి పెట్టాడు. 1897లో అది మరో ఆస్పత్రితో కలిసి ఇప్పటి రాయల్ విక్టోరియా ఐ అండ్ ఇయర్ అయింది. డబ్లిన్ గ్రబ్ కంపెనీవాళ్ళు చేసిన పదిహేను అంగుళాల దూరదర్శిని హైదరాబాదు నిజామియా వేధశాలకి వెళ్ళిందని కూడా ఈ వెతుకులాటలోనే తెలిసింది. అది వేరే వ్యాసం.

అసలు కండరం ఏం చేస్తోందో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ 1855లో వివరించాడు. అంతకు రెండేళ్ళ ముందే హాలండ్‌లో క్రామర్ దారి చూపాడు. కంటి ముందు కొవ్వొత్తి పెడితే కటకం ముందు తలం మీద దాని బొమ్మ కనిపిస్తుంది. మనిషి దగ్గరికి చూసినప్పుడు ఆ బొమ్మ చిన్నదవుతోంది, అంటే కటకం ఉబ్బుతోంది. ఎలా ఉబ్బుతోందన్నది కాస్త తిరకాసు. నీళ్ళు నింపిన మెత్తటి బుడగని చుట్టూ దారాలతో ఒక చట్రానికి కట్టారనుకోండి. చట్రం పెద్దగా ఉంటే దారాలు లాగి బుడగ పలచబడుతుంది. చట్రం బిగిసి చిన్నదైతే దారాలు వదులై బుడగ తన సహజమైన గుండ్రటి ఆకారానికి వస్తుంది. బుడగ మన కటకం, చట్రం సిలియరీ కండరం. కండరం బిగిస్తేనే కటకం వదులవుతుంది, అప్పుడు దగ్గరి అక్షరం తేటపడుతుంది. కొండల్నీ సముద్రాన్నీ చూస్తున్నప్పుడు కండరం విశ్రాంతిగా ఉంటుంది. కంప్యూటరు ముందు రోజంతా కూచుని లేచేసరికి కళ్ళు లాగడంలో వింతేమీ లేదు.

కటకం వయసుతో పాటు పెరుగుతూ గట్టిపడుతూ పోతుంది. పదేళ్ళ పిల్లకి ఏడెనిమిది సెంటీమీటర్ల దగ్గర పెట్టినా అక్షరం కనిపిస్తుంది. నలభై దాటేసరికి అది పాతిక సెంటీమీటర్ల దాకా జరుగుతుంది, యాభై వచ్చేసరికి చేయి చాపాల్సిందే. కండరం బిగిసినా బుడగ ఉబ్బదు. చత్వారం అంటే ఇంతే. జబ్బు కాదు, తప్పించుకున్నవాడూ లేడు.

మా నాయనమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. గుడివాడ దగ్గర పల్లెటూరు. చాటలో బియ్యం పోసుకుని రాళ్ళేరడంలో ఊళ్ళో ఆవిడకి సాటి లేదనేవారు. నాకు ఊహ తెలిసేసరికే ఆ చాట మా అమ్మ చేతికి వచ్చేసింది. సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలిచేది. "నీ కళ్ళు నాకియ్యరా అబ్బాయ్" అనేది. చదువు రాని ఆవిడకి కళ్ళజోడెందుకని ఎవరికీ తట్టలేదు, ఆవిడకీ తట్టలేదు. కళ్ళజోడంటే కరణాలూ మేష్టర్లూ పెట్టుకునేది. ఎనభై ఏళ్ళు బతికింది. అంటే సగం జీవితం తన చేతుల్లో ఉన్నది సరిగా కనిపించకుండానే గడిపింది. 2018లో అస్సాంలో నలభై దాటిన 751 మంది తేయాకు కూలీల మీద జరిగిన ఒక అధ్యయనం ప్రచురించారు. దగ్గరచూపు కళ్ళజోడు ఇచ్చినవాళ్ళ పని, ఇవ్వనివాళ్ళతో పోలిస్తే ఇరవై శాతానికి పైగా పెరిగింది. అది చదివినప్పుడు నాకు చాట ముందు కూచున్న నాయనమ్మే కనిపించింది. ఇక్కడ మా షాపులో చదువుకునే కళ్ళజోళ్ళు చూయింగ్ గమ్ పక్కనే స్టాండుకి వేలాడుతూ ఉంటాయి.

పెద్దలది దగ్గరి చూపు గొడవైతే పిల్లలది దూరం చూపు గొడవ. మా అమ్మాయికి పదకొండేళ్ళు. ఏడో ఏట మొదటి కళ్ళజోడు వచ్చింది, ఇప్పుడు మైనస్ మూడు. ఈ హ్రస్వదృష్టిలో కటకం తప్పేమీ లేదు, కంటిగుడ్డే పొడవుగా పెరిగిపోతుంది. పొడవు ఎక్కువైన కొద్దీ పెద్దయ్యాక రెటీనా జబ్బుల ప్రమాదమూ ఎక్కువ. ఐర్లండ్‌లో బడిపిల్లల మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఆరేడేళ్ళవాళ్ళలో వందకి ముగ్గురికి, పన్నెండు పదమూడేళ్ళవాళ్ళలో దాదాపు ఇరవైమందికి హ్రస్వదృష్టి తేలింది. మన ఇళ్ళలో చూస్తే అంతకన్నా ఎక్కువే అనిపిస్తుంది. ఆదివారం తెలుగు బడిలో కళ్ళజోళ్ళు లెక్కపెడితే సరిపోతుంది.

మందుల మనిషిగా నాకు ఆసక్తి ఆట్రోపిన్ చుక్కల మీద. ఆట్రోపిన్ సిలియరీ కండరాన్ని సడలిస్తుంది. దగ్గరి పని వల్ల కండరం బిగిసి, ఆ బిగువుతో కన్ను సాగుతుందనుకున్న రోజుల్లో ఈ మందు వాడకం మొదలైంది. కారణం అది కాదని కోడిపిల్లలు తేల్చాయి. పక్షుల కంట్లో ఈ కండరాలు, క్రాంప్టన్ చూసిందీ దాని పక్కదీ, మన చేతి కండరాల జాతివి. వాటి మీద ఆట్రోపిన్ పనిచేయదు. 1993లో ప్రచురించిన ప్రయోగంలో, చూపు మరుగుపరచి కన్ను సాగేలా చేసిన కోడిపిల్లలకి ఆట్రోపిన్ ఇచ్చారు. కండరం సడలకుండానే కంటి సాగుదల తగ్గింది. అంటే మందు పనిచేస్తున్నది వేరే చోట, బహుశా రెటీనాలోనో కంటి గోడలోనో. డబ్లిన్ సర్జను కోసి చూసిన పక్షి కన్ను, నూట ఎనభై ఏళ్ళ తర్వాత మన పిల్లల మందు గురించి సాక్ష్యం చెప్పింది!

అదే మందుని 0.01 శాతం మోతాదులో డబ్లిన్‌లో పిల్లల మీద పరీక్షించారు. టీయూ డబ్లిన్‌లోని కంటి పరిశోధన కేంద్రం నడిపిన ఆ అధ్యయనం పేరు మొజాయిక్. ఫలితం కొద్దిగానే కనిపించింది. ఎంత మోతాదు సరైనదన్నది ఇంకా చర్చలోనే ఉంది. దీనికన్నా సులువైన వైద్యం ఒకటుంది. చైనాలో గ్వాంగ్‌జౌ బడుల్లో రోజూ అదనంగా నలభై నిమిషాలు పిల్లల్ని ఆరుబయటికి పంపారు. మూడేళ్ళలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవాళ్ళు వందకి నలభై నుంచి ముప్ఫైకి తగ్గారు. ఇది 2015 నాటి ఫలితం. పనిచేసేది ముఖ్యంగా వెలుతురని అంటున్నారు. ఐర్లండ్‌లో ఎండెక్కడిది అని మీరు నవ్వొచ్చు. మబ్బు పట్టిన రోజు కూడా బయటి వెలుతురు దీపాలు వేసిన గదికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

మా ఇంట్లో ఈ విషయం మీద ఏకాభిప్రాయం లేదు. చుక్కలు మొదలుపెడదామని నా భార్య, ఇంకో ఆరు నెలలు కొలతలు చూద్దామని నేను. కంటి పొడవు ఇప్పుడు మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలుస్తున్నారు. ఈలోగా బడి అయ్యాక కాలువ గట్టు మీద గంట నడక ఖాయం చేశాం, వాన పడినా సరే. మా అమ్మాయి దీన్ని ఘోరమైన అన్యాయంగా లెక్కవేసింది. తర్వాతి కొలత అక్టోబరులో.